ప్రేమకీ హత్యకీ ఒకటే అబద్ధం: వరంగల్ నేపథ్యంగా సస్పెన్స్ నవల రాయడమెలా?

ప్రేమ, మిస్టరీ, సస్పెన్స్ కలిపి వండిన నవలలు చదివేవాళ్లకు ఈ అనుభవం ఉండే ఉంటుంది. హత్య ఒక దారిన పోతుంది, ప్రేమ ఇంకో దారిన పోతుంది. దర్యాప్తు నీరసించగానే రచయిత హీరో హీరోయిన్లను తీసుకెళ్లి లక్నవరం వేలాడే వంతెన మీద నడిపిస్తాడు. ప్రేమ చప్పబడగానే ఇంకో శవం దొరుకుతుంది. మిస్టరీ కోసం పుస్తకం కొన్నవాళ్లు వంతెన పేజీలు తిప్పేస్తారు, ప్రేమ కోసం కొన్నవాళ్లు పోస్టుమార్టం పేజీలు తిప్పేస్తారు. సగం పుస్తకం ఎవరూ చదవరు.

దీనికి మందు ఒకటే అని నా నమ్మకం. ఇద్దరు ప్రేమికుల మధ్య ఉన్న అబద్ధమే హంతకుణ్ని కాపాడుతున్న అబద్ధం కూడా కావాలి. అది బయటపడితే హంతకుడు దొరుకుతాడు, కానీ ప్రేమ నిలుస్తుందో లేదో తెలియదు. అప్పుడు ఏ పేజీ తిప్పేయడానికీ పాఠకుడికి మనసొప్పదు.

చదివి చదివి ఇక మనమే ఒకటి రాద్దామనుకునేవాళ్ల కోసం ఈ మార్గదర్శి. ఊరు మన వరంగలే. ఉదాహరణకు ఒక కథను ఇక్కడే అల్లుకుంటూ పోదాం. ఇందులో హంతకుడెవరో మొదట్లోనే చెప్పేస్తాను, ఎందుకంటే రాసేవాళ్లకు అది మొదటిరోజే తెలిసి ఉండాలి.

మొదటి అడుగు: హంతకుడి కథ ముందు రాసుకోండి

మొదటి అధ్యాయం జోలికి ఇప్పుడే పోకండి. ఒక తెల్లకాగితం తీసుకుని నిజంగా ఏం జరిగిందో, హంతకుడి వైపు నుంచి, వరుసగా రాయండి. పాఠకుడికి ఇది ఎప్పటికీ కనిపించదు. మీ నవల మొత్తం దీని మీదే నిలబడుతుంది.

మన కథ ఇది. స్రవంతి ఖిలా వరంగల్ పిల్ల. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో గుమాస్తా. జోసెఫ్ కాజీపేట ఫాతిమానగర్ కుర్రాడు, రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్. ఇద్దరూ పెళ్లి చేసుకోవాలనుకుంటున్నారు. స్రవంతి వాళ్ల బాపు ఒప్పుకోడు. ఇంటి పెద్దల్లో వాళ్ల వైపు నిలబడింది మేనమామ భద్రయ్య ఒక్కడే.

ఆ భద్రయ్యే హంతకుడు. అప్పుల్లో మునిగి, కోల్డ్ స్టోరేజీలో ఉన్న బావ మిర్చి బస్తాల మీదే రెండు బ్యాంకుల్లో అప్పు తీసుకున్నాడు. దానికి వాడిన తక్‌పట్టీలు (సరుకు తూకం, ధర రాసిచ్చే చీటీలు) స్రవంతి రాతను పోలి ఉంటాయి. కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్ సమ్మయ్య ఇది పసిగట్టాడు. మార్చి నెల్లో ఒక రాత్రి ఆయన జోసెఫ్‌ను పిలిచి కాగితాలు చూపించాడు. జోసెఫ్ వెళ్లిన కాసేపటికి భద్రయ్య వచ్చాడు. మాటామాటా పెరిగింది, తోపులాటలో సమ్మయ్య పైఅంతస్తు చెక్కల మీద నుంచి పడి చనిపోయాడు. భద్రయ్య రెండు మూడు గంటలు ఆగి, శవాన్ని ట్రాలీ ఆటోలో వేసుకెళ్లి కాజీపేట, వరంగల్ స్టేషన్ల మధ్య పట్టాల మీద పడేశాడు.

మరి మేనకోడలి పెళ్లికి ఎందుకు సాయం చేస్తున్నట్టు? నాకు ఈ కథలో అన్నింటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకుని పనిలోంచి వెళ్లిపోయిన పిల్ల మీద ఏ నింద వేసినా ఊరు నమ్ముతుంది. 'లేచిపోయింది గదా, పోయేముందు లెక్కలు తారుమారు చేసింది' అంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. హంతకుడి పథకం ఊరి బుద్ధి మీద ఆధారపడి ఉంటే దానికి పాయిజన్లూ రిమోట్ బాంబులూ అక్కర్లేదు.

రెండో అడుగు: ఆ ఒక్క అబద్ధం ఏదో తేల్చుకోండి

జోసెఫ్ ఆ రాత్రి కోల్డ్ స్టోరేజీకి వెళ్లాడు. తక్‌పట్టీ మీద స్రవంతి రాత చూశాడు. ఆమె మోసం చేసిందేమోనని భయపడ్డాడు, అయినా ఆమెను కాపాడాలనుకున్నాడు. అందుకే ఆ కాగితం ఒకటి జేబులో వేసుకుని, తను డ్యూటీలో ఉన్నానని చెప్పాడు.

"రాత్రి ఏడున్నవ్?"

"డ్యూటీల. బల్లార్షా పోయిన."

"గూడ్సా?"

"ఆ."

"తిన్నవా మరి?"

"రన్నింగ్ రూముల తిన్న."

అబద్ధం ఇంత చిన్నగా ఉండాలి. ఆమె అనుమానంతో అడగలేదు, తిన్నాడో లేదోనని అడిగింది. రెండో అబద్ధం ఆ ప్రేమకు జవాబుగా వచ్చింది. నిజం బయటపడిన రోజు ఆమెకు బల్లార్షా కన్నా ఆ అన్నమే ఎక్కువ గుచ్చుకుంటుంది.

అబద్ధం ఎలా బయటపడాలో కూడా ఇప్పుడే నిర్ణయించుకోండి. లోకో పైలట్లు డ్యూటీ ఎక్కేముందు క్రూ లాబీలో (సిబ్బంది హాజరు వేయించుకునే చోట) సైన్ ఆన్ చేయాలి, మందు తాగలేదని ఊపిరి పరీక్ష ఇవ్వాలి. ప్రతిదీ రికార్డవుతుంది. అంటే జోసెఫ్ అబద్ధానికి ఆయుష్షు తక్కువ. రికార్డు దాకా వెళ్లనక్కర్లేదు కూడా. లాబీ బయట చాయ్ దగ్గర తోటి ఉద్యోగి ఒకడు మాటవరసకు 'వాడు మొన్న సిక్ పెట్టిండు గదా' అంటే చాలు.

మీ కథలో ఇంకే అబద్ధమైనా పెట్టుకోండి, ఈ పరీక్ష మాత్రం పెట్టండి. హీరో ముందే నిజం చెప్పేసి ఉంటే హంతకుడు దొరికేవాడా? దొరికేవాడైతే మీ ముడి గట్టిది. ఆ మాట దాచడానికి హీరోకు ప్రేమతో ముడిపడిన కారణముందా? లేకపోతే పాఠకుడు 'ఆ ఫోనేదో చేసి చెప్పొచ్చుగా' అని పుస్తకం మూసేస్తాడు. కేవలం అపార్థం మీద నడిచే ప్రేమకథల్లో ఉన్న జబ్బే అది.

మూడో అడుగు: గడియారం పెట్టండి

సస్పెన్స్‌కు గడువు కావాలి. సినిమాల్లో బాంబు మీద అంకెలు తిరుగుతుంటాయి. మనకు అంతకన్నా మంచి గడియారం రిజిస్ట్రేషన్ ఆఫీసు గోడ మీద దొరుకుతుంది.

వేర్వేరు మతాలవాళ్లు మతం మారకుండా పెళ్లి చేసుకోవాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలోని వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. దాన్ని అందరికీ కనిపించేలా ఆఫీసులో అంటిస్తారు. 30 రోజుల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. 'మాకు ఇష్టం లేదు' అనేది చట్టం దృష్టిలో అభ్యంతరమే కాదు. వయసు చాలకపోవడం, ముందే పెళ్లయి ఉండటం, దగ్గరి రక్తసంబంధం లాంటివే చెల్లుతాయి. నోటీసిచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటికొస్తుంది. పెళ్లిరోజు ముగ్గురు సాక్షులు సంతకాలు పెట్టాలి.

ఇప్పుడు దీన్ని ఊరికి అతికించండి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లాగా మారాయి. కాజీపేట హనుమకొండలోకి, ఖిలా వరంగల్ వరంగల్‌లోకి వెళ్లాయి. చూడ్డానికి ఒకే ఊరు, కాగితం మీద రెండు జిల్లాలు. జోసెఫ్ ఉండే జిల్లాలో నోటీసిస్తే, స్రవంతి శాశ్వత నివాసం వేరే జిల్లా కాబట్టి అక్కడి ఆఫీసుకూ కాపీ వెళ్తుంది, అక్కడా అంటిస్తారు. బాపుకు తెలియకుండా ఉండాలనుకున్న సంగతి బాపు ఇంటి దగ్గరి గోడెక్కుతుంది! పైసా ఖర్చు లేకుండా మీకు దొరికిన టెన్షన్ ఇది.

నోటీసు ఫిబ్రవరి చివర్లో ఇప్పించండి. గడువు మార్చి నెలాఖరుకు తీరుతుంది. బ్యాంకుల లెక్కలు ముగిసేదీ, భద్రయ్య మోసం బయటపడే ప్రమాదం ఉన్నదీ అప్పుడే. మిర్చి ముమ్మరంగా వచ్చే రోజులు కూడా అవే. సాక్షుల్లో ఒకడు భద్రయ్య. అంటే ఆఖరి సంతకం హంతకుడిదే.

మేడారం జాతరను గడియారంగా వాడాలనుకునేవాళ్లూ ఉంటారు. రెండేళ్లకోసారి మాఘమాసంలో నాలుగు రోజులు, లక్షల జనం, మనిషి తప్పిపోతే దొరకడం కష్టం. బాగుంటుంది. కాకపోతే జాతరను రంగుల తెర కింద మాత్రం వాడకండి. అమ్మవార్లను గద్దెల మీదికి తెచ్చే రోజు ఏదో, వనప్రవేశం ఏ రోజో తెలియకుండా రాస్తే ములుగు పాఠకుడు మొదటి పేజీలోనే పట్టేస్తాడు.

నాలుగో అడుగు: చోటు చేత పని చేయించండి

వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు, కోట తోరణం వరసపెట్టి వర్ణిస్తే అది టూరిజం కరపత్రం. ఏ దృశ్యానికైనా ఒక ప్రశ్న వేయండి. ఇది ఇంకో ఊళ్లో జరిగినా ఇలాగే ఉంటుందా? ఉంటే ఆ చోటు అక్కడ దండగ.

మన కథకు అడ్డా ఎనుమాముల. జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) అయ్యాక కాంటాలు మొదలవుతాయి. దడువాయిలు తూకం వేస్తారు, హమాలీలు బస్తాలు మోస్తారు, గుమాస్తా తక్‌పట్టీ రాస్తుంది. తేజ మిర్చి రాసుల మధ్య కొత్తవాడు దగ్గకుండా నాలుగడుగులు వేయలేడు, రోజూ ఉండేవాడికి గొంతు కూడా గరగరమనదు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా కాయ గుండ్రంగా టమాటాలా ఉంటుంది, రంగు ఎక్కువ, కారం తక్కువ. బస్తాలో ఏ రకం ఉందో కళ్లు మూసుకుని వాసనతో చెప్పగల మనిషిని ఒకణ్ని పెట్టుకోండి, ఎక్కడో ఒకచోట పనికొస్తాడు.

ఇక కోల్డ్ స్టోరేజీ. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల పనిచేసేవాళ్లు స్వెట్టర్లు వేసుకుంటారు. ఈ కథలో బలమైన క్లూ అక్కడే దొరికింది. పట్టాల మీద దొరికిన సమ్మయ్య ఒంటి మీద స్వెట్టర్ ఉంది. మార్చి నెల వరంగల్‌లో రాత్రిపూట స్వెట్టర్ వేసుకుని పట్టాల మీద నడిచేవాడు ఎవడు? ఆయన చలి గదిలో చనిపోయాడు కాబట్టే అది ఒంటి మీద ఉంది. ఊటీలో కథ పెడితే ఈ క్లూ చచ్చిపోతుంది.

కాకతీయుల నిధి, రహస్య సొరంగం మాత్రం దయచేసి వద్దు. కోట నుంచి గుడికి సొరంగముందని చిన్నప్పటి నుంచి వింటున్నదే. మరీ వదల్లేకపోతే, ఎవడో ఒకడు ఆ కథ చెప్పి పదిమందిని మోసం చేసి డబ్బు గుంజినట్టు రాయండి.

ఐదో అడుగు: పోలీసులు, శవం, చట్టం

ఇక్కడ ఓపిక పట్టండి. పాఠకులు ఎక్కువగా నవ్వేది ఇక్కడే.

ముందు సెక్షన్లు. 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టాల చోట భారతీయ న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య అధినియం వచ్చాయి. ఆ తర్వాత జరిగే కథలో సీఐ '302 కింద బుక్ చేస్తా' అనకూడదు. హత్యకు ఇప్పుడు 103. అనుమానాస్పద మరణం ఒకప్పుడు 174, ఇప్పుడు సురక్షా సంహితలో 194. మీ కథ 2023లో జరిగితే పాత నంబర్లే రాయండి. పాతికేళ్లు సర్వీసు చేసిన హెడ్ కానిస్టేబుల్ నోట పాత నంబరు దొర్లి, కుర్ర ఎస్సై సరిచేయడం మంచి చిన్న సన్నివేశం.

శవం పట్టాల మీద దొరికితే మొదట వచ్చేది రైల్వే పోలీసులు. నేరం బయట జరిగిందని తేలితే కేసు ఆ ప్రాంతపు స్టేషన్‌కు బదిలీ అవుతుంది. ఆ చేతులు మారే రోజుల్లోనే మీ హీరోయిన్ సొంతంగా వెతకడానికి సందు దొరుకుతుంది. పోలీసులు చేతగానివాళ్లని చూపించాల్సిన అవసరం కూడా ఉండదు.

పోస్టుమార్టంలో డాక్టర్ చూసేది ముఖ్యంగా ఒకటుంటుంది. గాయాలు ప్రాణం ఉన్నప్పుడు అయ్యాయా, పోయాక అయ్యాయా? బతికున్నప్పటి గాయంలో రక్తం చుట్టుపక్కల కండరంలోకి ఇంకుతుంది. చనిపోయాక ఒంటి మీదుగా రైలు పోతే అలా జరగదు. కాబట్టి 'రైలు కింద పడ్డాడు' అనే నాటకం ఎక్కువ రోజులు నిలవదు. చనిపోయిన వేళ విషయంలో మాత్రం హంతకుడికి కలిసొస్తుంది. శరీరం బిగుసుకోవడం మామూలుగా రెండు మూడు గంటల్లో మొదలై పన్నెండు గంటలకు పూర్తవుతుందని అంచనా వేస్తారు. చలి దాన్ని ఆలస్యం చేస్తుంది. కోల్డ్ స్టోరేజీలో కొన్ని గంటలు ఉన్న శవం డాక్టర్ లెక్కను తప్పిస్తుంది, భద్రయ్య ఆ గంటల్లో బంధువుల ఇంట్లో భోజనానికి కూర్చుని ఉంటాడు. అర్ధరాత్రి పోస్టుమార్టం సీన్ కూడా రాయకండి. హత్య అనుమానమున్న కేసుల్లో, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప, రాత్రిపూట చేయకూడదని కేంద్ర ఆరోగ్యశాఖ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది.

క్లైమాక్స్‌లో హంతకుడు సీఐ ముందు మొత్తం కక్కేస్తే కథ అయిపోదు. పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. దాని వల్ల ఏదైనా వస్తువు దొరికితే, దొరకడానికి దారితీసిన మాట వరకే పనికొస్తుంది. కాబట్టి మీకు వస్తువు కావాలి. మన కథలో అది జోసెఫ్ దాచిన తక్‌పట్టీ. అంటే అతను తన అబద్ధాన్ని కోర్టులో అందరి ముందు ఒప్పుకుంటేనే కేసు నిలుస్తుంది.

ఇంకొకటి, హీరోయిన్ ఎవరి కాల్ రికార్డులూ తెప్పించలేదు. పోలీసు శాఖలో 'తెలిసిన అన్న' చేత తెప్పించేయడం సోమరితనం. ఆమెకు దొరికే కాగితాలేవో చూడండి. గేటు ఎంట్రీ, కాంటా చీటీ, కోల్డ్ స్టోరేజీ రసీదు. ఇవన్నీ ఆమె రోజూ చేతిలో పట్టుకునేవే. వాటిని చదవడంలో ఎస్సై కన్నా ఆమే గట్టిది.

పురుగుల మందు మరణాన్ని మలుపు కోసం వాడటం నాకు నచ్చదు. పత్తి రైతుల జిల్లాల్లో అది చాలా ఇళ్లలో జరిగిన విషయం.

ఆరో అడుగు: క్లూను కళ్లెదుటే పెట్టండి

దాచిపెట్టి చివర్లో తీస్తే మోసం. పాఠకుడు చూసి కూడా పట్టించుకోకుండా చేయడమే పనితనం. దొంగ తక్‌పట్టీ రాసింది భద్రయ్య అని తెలియడానికి మన దగ్గర ఉన్న ఆధారం అంకె ఏడు. ఎనిమిదో అధ్యాయంలో అది ఇలా వస్తుంది:

భద్రయ్య మామ జేబులోంచి పాత కరెంటు బిల్లు తీసి వెనకాల లెక్క రాయసాగాడు. దండలు 700. సాక్షులకు బిర్యానీ 1,700. ఏడుకు నడుమ అడ్డగీత కొట్టే అలవాటు ఆయనది, ఒకటిలో కలిసిపోతుందని. చీర దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగింది. "మీ అవ్వ ఉంటే పట్టుచీరనే కావాలని లొల్లి జేస్తుండె బిడ్డా," అన్నాడు. స్రవంతి బిల్లు మడిచి పర్సులో పెట్టుకుంది. తర్వాత చాలాసేపు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

అడ్డగీత పట్టికలో మధ్యన ఉంది. దానికో అమాయకమైన కారణం కూడా అక్కడే చెప్పేశాం. వెంటనే చనిపోయిన తల్లి వచ్చింది. పాఠకుడి మనసు చీర వెంట వెళ్లిపోతుంది, ఏడు వెనకే ఉండిపోతుంది. పైగా ఆ కరెంటు బిల్లు ఆమె పర్సులోకి చేరింది, అంటే రాత పోల్చడానికి నమూనా ఆమె దగ్గరే ఉంది. ప్రేమ సన్నివేశం, పెళ్లి సన్నివేశం క్లూలు దాచడానికి చాలా మంచి చోట్లు. ఎందుకంటే అక్కడ ఎవరూ వెతకరు.

ఒక్కో ముఖ్యమైన క్లూను రెండుసార్లు చూపించండి. రెండోది వేరే రూపంలో ఉండాలి. మూడోసారి చూపిస్తే పట్టేస్తారు.

ఏడో అడుగు: అనుమానితులు

ముగ్గురు చాలు. అడ్తి యజమాని, బాపు, జోసెఫ్. ప్రతివాడూ ఏదో ఒకటి నిజంగానే దాస్తుండాలి, కాకపోతే అది హత్య కాకూడదు. బాపు దాస్తున్నది ఆఫీసు గోడ మీద నోటీసు చూసి కూడా చూడనట్టు ఊరుకున్న సంగతి అయితే? ఆ విషయం తెలిసిన రోజు స్రవంతి ఆయన ముందు ఎలా నిలబడుతుందో, ఆ అధ్యాయం నేనైతే అన్నింటికన్నా ముందు రాసి పెట్టుకుంటాను.

ఎనిమిదో అడుగు: రాయడం, తిరగరాయడం

కథనం మామూలు తెలుగులో, సంభాషణ వరంగల్ యాసలో రాయండి. యాస అంటే ప్రతి మాటా విరిచేయడం కాదు. 'ఏడికి', 'గట్ల', 'ఎర్క' లాంటివి సరైన చోట పడితే చాలు. మనుషుల మధ్య తేడా చూపించండి. బాపు మాట్లాడినట్టు రైల్వే క్వార్టర్లలో పెరిగిన జోసెఫ్ మాట్లాడడు, సీఐ కరీంనగర్ నుంచి వచ్చినవాడైతే ఆయన మాట ఇంకోలా ఉంటుంది.

అధ్యాయం చివర ప్రతిసారీ తలుపు చప్పుడు, తెలియని నంబరు నుంచి ఫోన్ పెట్టకండి. వారపత్రికల సీరియళ్ల కాలం నుంచి పాఠకులు అలవాటు పడిపోయారు, ఆ ఫోన్ కొరియర్ వాడిదని వాళ్లకు ముందే తెలుసు. దానికి బదులు ఒక నిర్ణయం దగ్గర ఆపండి. స్రవంతి లాబీ దాకా వెళ్లి, రికార్డు అడగకుండా వెనక్కి వచ్చింది. ఎందుకు? ఆ 'ఎందుకు' కోసం తర్వాతి పేజీ తిప్పుతారు.

మొదటి ప్రతి అయ్యాక కొన్నాళ్లు పక్కన పెట్టి, రెండు రంగుల పెన్నులతో చదవండి. హత్యను ముందుకు నడిపిన పేరాల పక్కన ఎర్రగీత, ప్రేమను నడిపిన పేరాల పక్కన నీలంగీత. రెండు గీతలూ పడ్డ పేజీలే మీ నవల. వరసగా ఒకే రంగు సాగిన చోట కథ రెండు ముక్కలైందన్నమాట, అక్కడ ఆ ఒక్క అబద్ధాన్ని మళ్లీ తీసుకురండి. ఏ గీతా లేని పేజీని కొట్టేయండి, అది ఎంత అందమైన రామప్ప వర్ణనైనా సరే.

తర్వాత ఇద్దరికి ఇవ్వండి. ఒకరు మిస్టరీలు మాత్రమే చదివేవాళ్లు, ఇంకొకరు ప్రేమకథలు మాత్రమే చదివేవాళ్లు. 'బాగుందా' అని అడగొద్దు. ఎక్కడ ఎవరిని అనుమానించారో మార్జిన్‌లో రాయమనండి. హంతకుడు బయటపడటానికి పది పేజీల ముందే భద్రయ్య పేరు రాస్తే పర్వాలేదు. సగం పుస్తకంలోనే రాస్తే ఎనిమిదో అధ్యాయానికి తిరిగి వెళ్లాలి. చివరిదాకా ఒక్కసారి కూడా రాయకపోతే అదీ లోపమే, క్లూలు మరీ లోతుగా పాతిపెట్టారన్నమాట.

ప్రతిలిపి లాంటి వేదికల్లో సీరియల్‌గా పెట్టాలనుకుంటే నవల మొత్తం పూర్తయ్యాకే మొదటి భాగం పెట్టండి. మిస్టరీలో పన్నెండో భాగం రాస్తూ మూడో భాగంలో క్లూ చొప్పించాల్సి వస్తుంది, అప్పటికే పాఠకులు దాన్ని చదివేసి ఉంటారు. రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీదే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అచ్చు వేసుకుంటే ఐఎస్‌బీఎన్‌కు డబ్బు కట్టక్కర్లేదు, రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. పుస్తకంలో ఉన్న కోల్డ్ స్టోరేజీకీ, అడ్తి దుకాణానికీ నిజంగా ఎనుమాములలో ఉన్న పేర్లు పడ్డాయేమో అచ్చుకు పంపేముందు ఒకసారి మార్కెట్ చుట్టూ తిరిగి బోర్డులు చూసి రండి.